రీరెయిజ్ పాట్లలో మధ్యస్థ జతలు (పోకర్)

పోకర్ ఆటలో మధ్యస్థ జతలు అనగా ఆటగానికి మొదట పంచబడిన రెండు ముక్కలూ ఒకే అంకెవై, ఆ అంకె మరీ పెద్దదీ మరీ చిన్నదీ కాకుండా ఉండే చేతులు. సాధారణంగా 7-7, 8-8, 9-9, 10-10 జతలను ఈ పేరుతో పిలుస్తారు. కొందరు 6-6ను, జాకీల జతను కూడా ఇందులో చేర్చుతారు. ఒక ఆటగాడు పందెం పెంచిన తరువాత మరొకరు దానిని తిరిగి పెంచినపుడు ఏర్పడే పెద్ద పాట్‌ను రీరెయిజ్ పాట్ అంటారు. పరిమితి లేని టెక్సాస్ హోల్డెమ్ ఆటను ఆన్‌లైన్లో ఆడేవారికి తరచుగా ఎదురయ్యే క్లిష్టమైన సందర్భాలలో ఇది ఒకటి. ఆసుల జత, రాజుల జత వచ్చినపుడు ఏమి చేయవలెనో అందరికీ తెలియును. 2-2 వంటి చిన్న జతను వదులుకొనుటకు ఎవరూ పెద్దగా బాధపడరు. మధ్యస్థ జత మాత్రం వదలాలంటే బలమైనదిగా, నిలబడాలంటే బలహీనమైనదిగా కనిపిస్తుంది.

ఇటువంటి జతకు విలువ రెండు మార్గాలలో లభిస్తుంది. మొదటిది, బల్ల మీద అదే అంకె మరొకటి పడి మూడు ముక్కల సెట్ ఏర్పడడం. రెండవది, ఎదుటివారి వద్ద ఏ జతా లేనందున ఉన్న జతే గెలవడం. రీరెయిజ్ చేసినవారు జాగ్రత్తపరులైతే మొదటి మార్గమూ, దూకుడుగా ఆడేవారైతే రెండవ మార్గమూ ప్రధానమవుతాయి. ఈ రెండింటినీ తారుమారు చేసుకొనడమే ఈ సందర్భంలో జరిగే నష్టాలకు ముఖ్య కారణం.

పదాల వివరణ

ఈ వ్యాసంలో ఆటగాళ్ళు వాడుకలో ఉంచిన పదాలే వాడబడినవి. వాటి అర్థాలు ఇవి:

* చేయి – ఆటగానికి రహస్యంగా పంచబడిన రెండు ముక్కలు.
* బ్లైండ్లు – ముక్కలు పంచకముందే ఇద్దరు ఆటగాళ్ళు తప్పనిసరిగా పెట్టవలసిన పందేలు. వీటిలో ఒకటి చిన్నది, రెండవది పెద్దది.
* పాట్ – ఆ ఆటలో అంతవరకు పోగైన పందెపు సొమ్ము.
* కాల్ – ఎదుటివారు పెట్టిన పందేనికి సమానంగా సొమ్ము పెట్టుట.
* ఫోల్డ్ – ముక్కలు పడేసి ఆ ఆట నుండి తప్పుకొనుట.
* రెయిజ్, రీరెయిజ్ – పందెం పెంచుట, పెంచిన దానిని తిరిగి పెంచుట. పెద్ద బ్లైండును మొదటి పందెంగా లెక్కించి, రీరెయిజ్‌ను త్రీబెట్ అని కూడా అంటారు. దానిని ఇంకొకసారి పెంచితే ఫోర్‌బెట్.
* ఫ్లాప్, టర్న్, రివర్ – బల్ల మీద అందరికీ కనబడేలా పరచే ముక్కలు. ఫ్లాప్‌లో మూడు, టర్న్‌లో ఒకటి, రివర్‌లో ఒకటి చొప్పున మొత్తం ఐదు.
* స్టాక్ – ఆటగాని ముందున్న మొత్తం సొమ్ము.
* బటన్ – ఫ్లాప్ తరువాత అందరికంటె చివరగా ఆడే స్థానం.
* రేంజ్ – ఒక ఆటగాడు ఆడిన తీరును బట్టి అతని వద్ద ఉండుటకు వీలున్న చేతులన్నింటి సమూహం.

చరిత్ర

టెక్సాస్ హోల్డెమ్ ఆట అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రంలో ఇరవయ్యవ శతాబ్దపు తొలినాళ్ళలో పుట్టినదని చెబుతారు. ఆ రాష్ట్ర శాసనసభ 2007లో రాబ్స్‌టౌన్ పట్టణాన్ని ఈ ఆట జన్మస్థలంగా గుర్తించింది. 1980 దశకంలో డేవిడ్ స్క్లాన్‌స్కీ, మేసన్ మాల్మత్ రచించిన పుస్తకం మొదటి చేతులను బలాన్ని బట్టి సమూహాలుగా విభజించింది. అందులో 10-10 రెండవ సమూహంలోను, 9-9 మూడవ సమూహంలోను, 8-8 నాల్గవ సమూహంలోను, 7-7 ఐదవ సమూహంలోను ఉన్నాయి. పక్కపక్కనే ఉన్న ఈ నాలుగు జతలు నాలుగు వేర్వేరు సమూహాలలో ఉండుట గమనించదగినది.

నిజమైన సొమ్ముతో ఆన్‌లైన్ పోకర్ 1998 జనవరి 1న ప్లానెట్ పోకర్ అనే సైటులో ప్రారంభమైనది. 2003లో క్రిస్ మనీమేకర్ అనే అకౌంటెంటు, ఆన్‌లైన్ అర్హత పోటీ ద్వారా ప్రవేశం పొంది ప్రపంచ పోకర్ సిరీస్ ప్రధాన పోటీని గెలిచి 25 లక్షల డాలర్ల బహుమతి పొందాడు. ఆ తరువాత ఈ ఆట ఆడేవారి సంఖ్య విపరీతంగా పెరిగినది.

తొలి రోజులలో రీరెయిజ్ అనగానే ఎదుటివారి వద్ద ఆసులు, రాజులు, రాణులు లేదా ఆసు-రాజు ఉన్నట్లు భావించేవారు. కాలక్రమంలో ఆన్‌లైన్ ఆటగాళ్ళు బలహీనమైన చేతులతో కూడా బ్లఫ్‌గా రీరెయిజ్ చేయసాగారు. దీనితో మధ్యస్థ జతలను వెంటనే పడేయడం నష్టదాయకమైనది. 2007లో మ్యాట్ ఫ్లిన్, సన్నీ మెహతా, ఎడ్ మిల్లర్ తమ పుస్తకంలో మిగిలిన స్టాక్‌కు, పాట్‌కు మధ్య గల నిష్పత్తిని చూసి నిర్ణయం తీసుకొనే పద్ధతిని వివరించారు. 2015లో పయోసాల్వర్ అనే సాఫ్ట్‌వేర్ వెలువడిన తరువాత ఇటువంటి సందర్భాలను కంప్యూటరుతో గణించి చూచుట వాడుకలోకి వచ్చినది.

సంభావ్యతలు

52 ముక్కల పేక నుండి రెండు ముక్కల కలయికలు మొత్తం 1,326. ఒక్కొక్క జతకు 6 కలయికలు చొప్పున 13 జతలకు 78 కలయికలు ఉన్నాయి. అనగా సగటున 17 సార్లకు ఒకసారి ఏదో ఒక జత వస్తుంది. ఆసు-రాజు చేతికి 16 కలయికలు ఉన్నాయి.

చేతిలో జత ఉన్నపుడు ఫ్లాప్‌లో అదే అంకె కనీసం ఒకటి పడే అవకాశం 11.8 శాతం. సుమారుగా ఎనిమిదిన్నర సార్లకు ఒకసారి మాత్రమే సెట్ దొరుకుతుంది. మిగతా సందర్భాలలో ఆటగాడు తన జతతోనే నెట్టుకు రావాలి. ఫ్లాప్‌లోని మూడు ముక్కలలో తన జత కంటె పెద్దది ఒక్కటి కూడా పడకుండా ఉండే అవకాశం ఆయా జతలకు ఇలా ఉంటుంది:

* జాకీల జత – 43.0 శాతం
* 10-10 – 30.5 శాతం
* 9-9 – 20.7 శాతం
* 8-8 – 13.3 శాతం
* 7-7 – 7.9 శాతం

జత ఒక్కొక్క మెట్టు దిగేకొద్దీ ఈ అవకాశం ఎంత వేగంగా తగ్గుతున్నదో చూడవచ్చును. 10-10తో పదింట మూడు సార్లు నిశ్చింతగా ఉండగలిగిన ఆటగాడు, 7-7తో సుమారు పదమూడు సార్లకు ఒకసారి మాత్రమే అలా ఉండగలడు. కాబట్టి మధ్యస్థ జతలు అన్నింటినీ ఒకే గాటన కట్టుట సరికాదు.

ఒకరి మీద ఒకరు చివరి ముక్క వరకు నిలిస్తే 9-9 చేయి ఆసు-రాజు మీద సుమారు 55 శాతం గెలుస్తుంది. రాణుల జత వంటి పెద్ద జత మీద సుమారు 20 శాతం మాత్రమే గెలుస్తుంది. ఆసు-5 వంటి చేతుల మీద మూడింట రెండు వంతులు గెలుస్తుంది.

ఉదాహరణ

బ్లైండ్లు 50 సెంట్లు, 1 డాలరుగా ఉన్న ఆటలో ఇద్దరు ఆటగాళ్ళ వద్ద చెరి 100 డాలర్లు ఉన్నాయనుకొందాము. మొదటి ఆటగాడు బటన్‌కు ముందు స్థానంలో 9-9తో 3 డాలర్లకు రెయిజ్ చేశాడు. బటన్ మీది ఆటగాడు 9 డాలర్లకు రీరెయిజ్ చేశాడు. బ్లైండ్లు ఇద్దరూ ఫోల్డ్ చేశారు.

ఇపుడు పాట్‌లో 13.50 డాలర్లు ఉన్నాయి. మొదటి ఆటగాడు కాల్ చేయుటకు ఇంకా 6 డాలర్లు పెట్టాలి. పెట్టిన తరువాత పాట్ 19.50 డాలర్లు అవుతుంది. ఇరువురి వద్ద చెరి 91 డాలర్లు మిగులుతాయి. మిగిలిన స్టాక్ పాట్‌కు సుమారు 4.7 రెట్లు.

6 డాలర్లు పెట్టి 19.50 డాలర్ల పాట్ కోసం ఆడుతున్నందున, కాల్ గిట్టుబాటు కావాలంటే కనీసం 30.8 శాతం గెలుపు వాటా అవసరం. అయితే ఈ లెక్క పందేలు ఇంతటితో ఆగిపోతేనే పూర్తిగా వర్తిస్తుంది. ఇంకా మూడు దఫాలు పందేలు జరగవలసి ఉన్నది. మొదటి ఆటగాడు ప్రతిసారీ ముందుగా ఆడవలసి ఉన్నది. కాబట్టి కాగితం మీది వాటా అంతా చేతికి రాదు.

ఎదుటివారి రేంజ్

పై ఉదాహరణలోని బటన్ ఆటగాడు రెండు రకాలుగా ఉండవచ్చును.

జాగ్రత్తపరుడు: ఇతడు 10-10 నుండి ఆసుల జత వరకు గల ఐదు జతలతోను, ఆసు-రాజుతోను మాత్రమే రీరెయిజ్ చేస్తాడు. జతలు 30 కలయికలు, ఆసు-రాజు 16 కలయికలు, మొత్తం 46. ఇది అన్ని చేతులలో 3.5 శాతం. ఈ రేంజ్ మీద 9-9 గెలుపు వాటా సుమారు 32 శాతం.

దూకుడు ఆటగాడు: ఇతడు పై చేతులకు తోడు ఆసు-రాణితోను, ఒకే గుర్తు గల ఆసు-5, ఆసు-4, ఆసు-3, ఆసు-2లతోను, ఒకే గుర్తు గల రాజు-రాణి, రాజు-జాకీ, రాణి-జాకీ, జాకీ-10లతోను కూడా రీరెయిజ్ చేస్తాడు. మొత్తం 94 కలయికలు, అనగా 7.1 శాతం. ఈ రేంజ్ మీద 9-9 గెలుపు వాటా సుమారు 45 శాతం.

ఇద్దరూ బల్ల మీద 9 డాలర్లే పెట్టారు. చూచుటకు ఇద్దరి ఆటా ఒక్కటే. కానీ రెండవవాని వద్ద 9-9ను మించిన జత ఉండే అవకాశం మూడింట ఒక వంతు కంటె తక్కువ. మొదటివాని వద్ద అది మూడింట రెండు వంతులకు దగ్గరగా ఉన్నది.

సెట్ కోసం మాత్రమే ఆడుట

చాలామంది పాటించే సూత్రం ఇది: కాల్ చేసి ఫ్లాప్ చూడాలి, సెట్ పడితే ఆడాలి, లేకుంటే పడేయాలి. దీనిని అనుసరించుట సులభం కనుక ప్రచారం పొందినది. పాత పుస్తకాలు, పెట్టవలసిన సొమ్ముకు పది రెట్లు స్టాక్ ఉంటే చాలునని చెప్పేవి. తరువాతివారు పదిహేను, ఇరవై రెట్లు ఉండాలన్నారు. పై ఉదాహరణలో 6 డాలర్లకు 91 డాలర్లు మిగిలి ఉన్నాయి, అనగా పదిహేను రెట్లు. అయినను ఇది అన్నివేళలా లాభం కాదు.

సెట్ పడని అవకాశం పడే అవకాశానికి ఏడున్నర రెట్లు. కనుక 6 డాలర్ల ఖర్చు తిరిగి రావాలంటే సెట్ పడినపుడల్లా సగటున 45 డాలర్లు రావాలి. ఇందులో 13.50 డాలర్లు ముందే పాట్‌లో ఉన్నాయి. మిగతా 31.50 డాలర్లు ఎదుటివాని నుండి రావాలి.

ఇక్కడ ఒక విషయం మరువరాదు. ఎదుటివాని వద్ద ఆసు-రాజు ఉండి, ఫ్లాప్‌లో మనకు తొమ్మిది పడినపుడు, మిగిలిన రెండు ముక్కలలో ఆసు గాని రాజు గాని పడకుండా ఉండే అవకాశం 76 శాతం. అనగా మనకు సెట్ దొరికిన నాలుగు సార్లలో మూడు సార్లు అతని వద్ద ఏమీ ఉండదు. ఏమీ లేనివారు పెద్ద సొమ్ము పెట్టరు.

లెక్క కోసం, పెద్ద జత ఉన్నవారు సెట్‌కు సగటున 45 డాలర్లు, ఇతర చేతులు ఉన్నవారు సగటున 10 డాలర్లు సమర్పించుకుంటారని అనుకొందాము. అపుడు సెట్ పడిన ప్రతిసారీ జాగ్రత్తపరుని మీద సగటు రాబడి సుమారు 46 డాలర్లు. ఇది అవసరమైన 45 కంటె కొద్దిగా ఎక్కువ. దూకుడు ఆటగాని మీద సగటు రాబడి సుమారు 35 డాలర్లు మాత్రమే. ఫ్లాప్‌లో సెట్ పడనప్పుడల్లా పడేసే పద్ధతిలో ఆడితే, దూకుడు ఆటగానికి ప్రతి కాల్ మీద సుమారు 1.20 డాలర్లు నష్టపోవలసి వస్తుంది.

కావున సెట్ కోసమే ఆడే పద్ధతి బలమైన చేతులతో మాత్రమే పందెం పెంచేవారి మీద పనిచేస్తుంది. బ్లఫ్‌లు చేసేవారి మీద పనిచేయదు. కాని వారి మీద ఆ జతకు వేరొక విలువ ఉన్నది.

ఫ్లాప్ తరువాత ఆట

ఈ విలువ ఎంత అన్నది ఫ్లాప్‌ను బట్టి మారుతుంది. 9-9 చేతితో రెండు వేర్వేరు ఫ్లాప్‌లను పోల్చి చూడవచ్చును. రెండింటిలోను మూడు ముక్కలు మూడు వేర్వేరు గుర్తులవి అనుకొందాము.

8-5-2 ఫ్లాప్: ఇందులో 9-9 కంటె పెద్ద ముక్క లేదు. జాగ్రత్తపరుని రేంజ్‌లోని 46 కలయికలలో 16 మాత్రమే, అనగా ఆసు-రాజు మాత్రమే, 9-9 కంటె వెనుకబడి ఉన్నది. దూకుడు ఆటగాని రేంజ్‌లో, బల్ల మీది ముక్కలను తీసివేయగా మిగిలిన 92 కలయికలలో 62 వెనుకబడి ఉన్నాయి. చూచుటకు ఎంతో అనుకూలంగా ఉన్న ఈ ఫ్లాప్ మీద కూడా, జాగ్రత్తపరునికి ఎదురుగా ఉన్న ఆటగాడు మూడింట రెండు సార్లు ఓడిపోతున్న స్థితిలోనే ఉంటాడు.

రాజు-7-2 ఫ్లాప్: ఇందులో ఒక పెద్ద ముక్క ఉన్నది. జాగ్రత్తపరుని వద్ద ఇపుడు ఉండుటకు వీలున్న 39 కలయికలలో ఒక్కటి కూడా 9-9 కంటె వెనుకబడి లేదు. ఆసు-రాజుకు రాజుల జత ఏర్పడినది. మిగిలినవన్నీ మొదటి నుండి పెద్ద జతలే. దూకుడు ఆటగాని వద్ద ఉండుటకు వీలున్న 84 కలయికలలో మాత్రం 39 వెనుకబడి ఉన్నాయి.

ఈ ఫ్లాప్ మీద బటన్ ఆటగాడు 19.50 డాలర్ల పాట్‌లో 6.50 డాలర్లు పందెం పెట్టాడనుకొందాము. కాల్ చేయుటకు 20 శాతం గెలుపు వాటా చాలు. జాగ్రత్తపరుని మీద ముందంజలో ఉండే అవకాశం శూన్యం. టర్న్‌లో తొమ్మిది పడే అవకాశం 4 శాతం మాత్రమే. కనుక ఫోల్డ్ చేయవలెను. దూకుడు ఆటగాని మీద 46 శాతం సందర్భాలలో 9-9 ముందంజలో ఉన్నది. కనుక కాల్ చేయవలెను. ఒకే చేయి, ఒకే ఫ్లాప్, ఒకే పందెం అయినను నిర్ణయాలు పరస్పర విరుద్ధంగా ఉన్నాయి.

మొదటి పందెం కాల్ చేసినంత మాత్రాన చివరివరకు కాల్ చేయవలెనని అర్థం కాదు. ఫ్లాప్ మీద చిన్న పందెం దాదాపు అన్ని చేతులతోను పెడతారు. టర్న్ మీద రెండవ పందెం, ముఖ్యంగా అది పెద్దదైనపుడు, తక్కువ చేతులతో పెడతారు. రివర్ మీద మూడవ పందెం వచ్చేసరికి చాలామంది ఆటగాళ్ళలో బ్లఫ్‌లు అరుదు. ప్రతి దఫాలోను ఎదుటివాని రేంజ్‌ను కొత్తగా అంచనా వేయవలసి ఉంటుంది.

రెండు పెద్ద ముక్కలు ఒకే గుర్తుతో పడిన ఫ్లాప్‌లు మధ్యస్థ జతలకు అన్నింటికంటె ప్రతికూలమైనవి. రీరెయిజ్ చేసినవారి రేంజ్‌లో అటువంటి ముక్కలే ఎక్కువ. కొద్దో గొప్పో వెనుకబడి ఉన్న చేతులకు కూడా ముందుకు వచ్చే మార్గాలు చాలా ఉంటాయి. ఇక్కడ చాలాసార్లు ఫోల్డ్ చేయుటే మంచిది.

స్థానం

ఫ్లాప్ తరువాత చివరగా ఆడేవారికి రెండు లాభాలు ఉన్నాయి. ఎదుటివారు ఏమి చేశారో చూసి నిర్ణయించుకోవచ్చును. ఎదుటివారు పందెం పెట్టకుంటే తామూ పెట్టకుండా ఉచితంగా మరొక ముక్క చూడవచ్చును. మధ్యస్థ జతకు ఈ రెండవ లాభం చాలా ముఖ్యం. ఎందుకనగా అది పెద్ద పాట్ కోసం కాక, తక్కువ ఖర్చుతో చివరి వరకు చేరుట కోసం ఆడవలసిన చేయి.

బటన్ మీది ఆటగాడు రెయిజ్ చేయగా బ్లైండు ఆటగాడు రీరెయిజ్ చేస్తే, 7-7 వంటి జతతో కూడా తరచుగా కాల్ చేయవచ్చును. పైగా బటన్ మీది ఆటగాడు చాలా చేతులతో రెయిజ్ చేస్తాడని తెలిసిన బ్లైండు ఆటగాడు కూడా ఎక్కువ చేతులతో రీరెయిజ్ చేస్తాడు. అదే 7-7తో మొదటి స్థానం నుండి రెయిజ్ చేసినపుడు వెనుకవారు రీరెయిజ్ చేస్తే, రేంజ్ బలమైనదీ, స్థానం ప్రతికూలమైనదీ అవుతుంది.

స్టాక్ పరిమాణం

పై లెక్కలన్నీ 100 పెద్ద బ్లైండ్ల స్టాక్‌కు సంబంధించినవి.

30 డాలర్ల స్టాక్: పై ఉదాహరణలో 30 డాలర్లే ఉంటే, కాల్ చేసిన తరువాత పాట్‌లో 19.50, చేతిలో 21 డాలర్లు ఉంటాయి. సెట్ పడినా గెలిచేది స్వల్పం. కనుక కాల్ చేయుట అర్థరహితం. మొత్తం సొమ్ము పెట్టుటయో, ఫోల్డ్ చేయుటయో చేయవలెను. మొత్తం పెడితే 27 డాలర్లతో 61.50 డాలర్ల పాట్ కోసం ఆడినట్లు, అంటే కాల్ చేయబడినపుడు 44 శాతం గెలుపు వాటా కావాలి. ఎదుటివారు ఫోల్డ్ చేసినపుడు వచ్చే 13.50 డాలర్లు అదనం. దూకుడు ఆటగాని మీద ఇది సాధారణంగా గిట్టుబాటు అవుతుంది. జాగ్రత్తపరుని మీద కాదు.

200 డాలర్ల స్టాక్: కాల్ చేసిన తరువాత మిగిలేది పాట్‌కు పది రెట్లకు దగ్గరగా ఉంటుంది. సెట్‌తో గెలిచే సొమ్ము పెరిగినందున సెట్ మార్గం విలువైనదవుతుంది. ఒట్టి జతతో మాత్రం మరింత జాగ్రత్త అవసరం. పోగొట్టుకొనుటకు వీలున్న సొమ్ము కూడా రెట్టింపైనది కదా. పెద్ద సెట్ చేతిలో చిన్న సెట్ ఓడిపోవుట అరుదైనా, అటువంటి సందర్భంలో మొత్తం స్టాక్ పోతుంది.

ఫోర్‌బెట్ చేయుట

కొందరు ఇబ్బందికరమైన ఫ్లాప్‌లను తప్పించుకొనుటకు మధ్యస్థ జతతో ఇంకొకసారి పందెం పెంచుతారు. 100 పెద్ద బ్లైండ్ల స్టాక్‌తో ఇది సాధారణంగా పొరపాటు. 9 డాలర్ల రీరెయిజ్ మీద 22 డాలర్లకు పెంచితే ఆసు-4, రాజు-జాకీ వంటి ఓడిపోతున్న చేతులు ఫోల్డ్ అవుతాయి. పెద్ద జతలు, ఆసు-రాజు మాత్రమే నిలబడతాయి. ఏ చేతుల మీద 9-9కు లాభం ఉన్నదో వాటినే తరిమివేసినట్లు అవుతుంది. బ్లఫ్ చేయుటకు ఒకే గుర్తు గల ఆసు-5 వంటి చేయి మెరుగైనది. ఎందుకనగా చేతిలో ఒక ఆసు ఉన్నపుడు ఎదుటివారికి ఆసుల జత ఉండగల కలయికలు 6 నుండి 3కు, ఆసు-రాజు కలయికలు 16 నుండి 12కు తగ్గుతాయి. 9-9కు ఆ ప్రయోజనం లేదు.

ఆన్‌లైన్ ఆటలోని ప్రత్యేకతలు

ఆన్‌లైన్లో ఎదుటివారి ముఖం కనబడదు. దానికి బదులుగా వారి పాత ఆటల గణాంకాలు లభిస్తాయి. పోకర్ ట్రాకర్ వంటి సాఫ్ట్‌వేర్లు ప్రతి ఆటగాడు ఎంత శాతం రీరెయిజ్ చేస్తున్నాడో తెరపై చూపుతాయి. పై ఉదాహరణలలోని జాగ్రత్తపరుడు 3.5 శాతంగాను, దూకుడు ఆటగాడు 7 శాతంగాను ఇందులో కనిపిస్తారు. కొన్ని సైట్లు ఇటువంటి సాఫ్ట్‌వేర్లను నిషేధించాయి. అటువంటి చోట ఆటగాళ్ళే గమనించి గుర్తు పెట్టుకోవలసి ఉంటుంది.

ఈ గణాంకాన్ని నమ్ముటలో రెండు జాగ్రత్తలు అవసరం. తమకంటె ముందు ఎవరైనా రెయిజ్ చేసినపుడు మాత్రమే రీరెయిజ్ అవకాశం వస్తుంది. కాబట్టి వంద ఆటల నమూనాలో అటువంటి అవకాశాలు కొద్దిగానే ఉంటాయి. 3.5 శాతానికి, 7 శాతానికి తేడా ఒకటి రెండు చేతుల అదృష్టం వల్ల కూడా రావచ్చును. రెండవది, ఆ శాతం అన్ని స్థానాల సగటు. అదే ఆటగాడు మొదటి స్థానంవారి మీద అరుదుగాను, బటన్ మీదివారి మీద తరచుగాను రీరెయిజ్ చేస్తుండవచ్చును.

సైటు నిర్వాహకులు పాట్ నుండి తీసుకొనే రుసుమును రేక్ అంటారు. పలు సైట్లలో ఫ్లాప్ పడకముందే ముగిసిన ఆటలకు రేక్ ఉండదు. ఫ్లాప్ చూడగానే అది వర్తిస్తుంది. తక్కువ పందేల ఆటలలో పాట్‌తో పోల్చితే రేక్ ఎక్కువ. పై లెక్కలో జాగ్రత్తపరుని మీద సెట్ కోసం ఆడినపుడు మిగిలిన కొద్దిపాటి లాభం రేక్ వల్ల పూర్తిగా హరించుకొని పోవచ్చును.

సాధారణంగా జరిగే పొరపాట్లు

* జాగ్రత్తపరుడు రెండవసారి, మూడవసారి పందెం పెడుతున్నా, బల్ల మీద పెద్ద ముక్క లేదన్న ధైర్యంతో 10-10ను వదలకుండుట.
* దూకుడు ఆటగాని మీద సెట్ పడనపుడల్లా మొదటి చిన్న పందేనికే ఫోల్డ్ చేయుట.
* స్టాక్ చూసుకొనకుండా కాల్ చేయుట. ఇద్దరిలో తక్కువ ఉన్నవారి స్టాక్‌నే లెక్కలోనికి తీసుకోవాలి.
* వరుసగా కొన్ని సార్లు సెట్ పడలేదు కనుక ఈసారి పడుతుందని భావించుట. ప్రతి పంపకం వేరు. అవకాశం ఎప్పుడూ 11.8 శాతమే.
* అనేక బల్లల మీద ఒకేసారి ఆడుతూ, ఎదుటివారెవరో చూడకుండా అలవాటుగా కాల్ చేయుట.

భారతదేశంలో చట్టపరమైన స్థితి

1967లో సుప్రీం కోర్టు ఆంధ్ర ప్రదేశ్ రాష్ట్రానికి సంబంధించిన ఒక కేసులో, రమ్మీ ఆటలో నైపుణ్యానిదే ప్రధాన పాత్ర అని తీర్పు చెప్పినది. ఆన్‌లైన్ పేకాట నిర్వాహకులు తమ వాదనలకు ఈ తీర్పును తరచుగా ఆధారం చేసుకొనేవారు. 2017లో తెలంగాణ, 2020లో ఆంధ్ర ప్రదేశ్ రాష్ట్రాలు తమ గేమింగ్ చట్టాలను సవరించి, సొమ్ము పందెంగా ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధించాయి. 2025 ఆగస్టులో పార్లమెంటు ఆమోదించిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం, నైపుణ్యం, అదృష్టం అనే భేదం లేకుండా, సొమ్ముతో ఆడే ఆన్‌లైన్ ఆటలను దేశమంతటా నిషేధించుటకు ఉద్దేశించినది. ఆన్‌లైన్ పోకర్ కూడా ఈ నిర్వచనంలోనికి వస్తుంది. సొమ్ము లేకుండా ఆడే ఆటలలో ఈ వ్యాసంలోని లెక్కలు యథాతథంగా వర్తించినను, అటువంటి ఆటలలో ఆటగాళ్ళు బలహీనమైన చేతులతో కూడా కాల్ చేస్తారు కనుక రేంజ్‌ల అంచనాను మార్చుకోవలసి ఉంటుంది.

ఇవి కూడా చూడండి

* పేకాట
* టెక్సాస్ హోల్డెమ్
* రమ్మీ
* సంభావ్యతా సిద్ధాంతం
* క్రీడా సిద్ధాంతం